విండోస్ డిస్కు విభాగాలను లినక్స్‌లో తెరవడం: తెలుగు పరిశోధన సామగ్రి దృష్ట్యా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గత మూడు దశాబ్దాల తెలుగు పరిశోధన సామగ్రిలో చాలా భాగం విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన కంప్యూటర్ డిస్కుల్లో ఉంది. విండోస్ పనిచేయని స్థితిలో, లేదా విండోస్ స్థానంలో లినక్స్ వచ్చిన స్థితిలో, ఆ డిస్కులను చదవడం ఎలా సాధ్యమైందన్నది సాంకేతిక చరిత్రలో ఒక అధ్యాయం. ఆ చరిత్రను తెలుగు పరిశోధకుని అవసరాల వైపు నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డిస్కు నిర్మాణం, ఫైలు పేరు, లోపలి లిపి అనే మూడు అంచెల్లో మొదటిది 2007 నాటికే చాలావరకు తొలగిపోయిందనీ, తెలుగు సామగ్రికి అసలు అడ్డంకి తక్కిన రెండింటిలోనే ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డిస్కు విభాగం, ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్, యూనికోడ్, తెలుగు ఫాంట్లు, మౌఖిక సాహిత్యం, సిద్దిపేట.

1. ప్రవేశిక:

తాళపత్రాల గురించి, పాత పత్రికల సంచికల గురించి మన పరిశోధకులకు ఉన్న శ్రద్ధ కంప్యూటర్ డిస్కుల విషయంలో కనిపించదు. డిస్కు పాతదైతే దాన్ని వస్తువుగా చూస్తాం, ఆధారంగా చూడం. 1995-2010 మధ్య తెలుగు శాఖల్లో వెలువడిన సిద్ధాంతగ్రంథాల్లో ఎన్నో డీటీపీ కేంద్రాల్లో అక్షరరూపం పొందాయి. విశ్వవిద్యాలయానికి సమర్పించినవి బైండు చేసిన కాగితపు ప్రతులు. ఎలక్ట్రానిక్ ప్రతిని కూడా సమర్పించాలన్న నియమం యూజీసీ 2009 నిబంధనలతో వచ్చింది. అంతకు ముందరి సిద్ధాంతగ్రంథానికి ఎలక్ట్రానిక్ ప్రతి అంటూ ఉంటే, అది టైపు చేసినవారి కంప్యూటర్లోనో పరిశోధకుని ఇంట్లోని పాత డిస్కులోనో ఉండాలి. ముద్రణకు ఎక్కని అనుబంధాలు, తొలగించిన అధ్యాయాలు, క్షేత్రపర్యటన పట్టికలు అక్కడే ఉంటాయి.

సిద్దిపేట వంటి చోట ఈ ప్రశ్నకు మరింత బరువు ఉంది. కొమురవెల్లి మల్లన్న క్షేత్రం ఈ జిల్లాలోనిదే. ఒగ్గుకథ మీద పనిచేసే పరిశోధకులు ఇక్కడికి కెమెరాలతో వస్తారు. 1986లో ఏర్పడిన మంజీర రచయితల సంఘం వంటి సాహిత్య సంస్థలు ఈ పట్టణానివి. ఇటువంటి ప్రాంతంలో గడచిన పాతికేళ్ల సాహిత్య చరిత్రను రాయబోయేవారికి ఆధారాలు కాగితాల్లో ఎంత దొరుకుతాయో డిస్కుల్లోనూ అంత దొరుకుతాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగిన సామర్థ్యం లేని పాత యంత్రాలు కళాశాలల్లో, ఇళ్లలో విస్తారంగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి లినక్స్ వస్తుంది, కొన్ని తూకానికి పోతాయి. అందువల్ల లినక్స్‌లో కూర్చుని విండోస్ డిస్కును తెరవడం అనే చిన్న పని ఇప్పుడు సాహిత్య పరిశోధకునికి కూడా తెలియవలసిన పని అయింది.

2. సీ, డీ అక్షరాలూ ఒకే చెట్టూ:

ఒక డిస్కును భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగాన్ని స్వతంత్రంగా వాడుకునే పద్ధతి ఐబీఎం పీసీల్లో 1983లో, హార్డ్‌డిస్కుతో కూడిన ఎక్స్‌టీ నమూనాతో స్థిరపడింది. ఏ, బీ అనే అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు కేటాయించి ఉండడంతో హార్డ్‌డిస్కుకు సీ వచ్చింది. ఫ్లాపీలు పోయి ఇన్నేళ్లయినా మనం సీ డ్రైవు దగ్గరే మొదలుపెడతాం.

విండోస్‌లో ప్రతి భాగమూ ఒక ప్రత్యేక గృహం. సీకి డీతో చుట్టరికం లేదు. యూనిక్స్ సంప్రదాయం వేరు. అక్కడ సమస్తమూ ఒకే మూలం నుంచి కొమ్మలుగా విస్తరిస్తుంది. కొత్త డిస్కు భాగాన్ని ఆ చెట్టుకు ఒక కొమ్మ దగ్గర అంటుకట్టాలి. ఈ అంటుకట్టడాన్నే మౌంట్ అంటారు. 1991లో హెల్సింకిలో లినుస్ తోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ సంప్రదాయాన్నే స్వీకరించింది. విండోస్‌కు అలవాటుపడినవారు లినక్స్‌లో మొదట వెతికేది డీ డ్రైవును. అది అక్కడ ఆ పేరుతో ఉండదు. పాత డిస్కుల్లో అది తరచుగా ‘ఎస్‌డీఏ5’ అన్న పేరుతో కనిపిస్తుంది. సీ అన్నది ఎస్‌డీఏ1 అయితే డీ నేరుగా 5 ఎందుకైందన్న సందేహం సహజం. 1983 నాటి విభజన పట్టికలో నాలుగు భాగాలకే చోటు ఉంది. అంతకు మించి కావాలంటే ఒక భాగాన్ని విస్తరించి దానిలోపల ఉపభాగాలు చేసుకోవాలి. లినక్స్ ఆ ఉపభాగాలకు 5 నుంచి సంఖ్య వేస్తుంది. 2, 3, 4 పోలేదు. వాటిలో ఒకటి ఆ విస్తరించిన భాగానిదే, తక్కినవి ఖాళీగా ఉన్న గదులు.

ఇక్కడ ఒక అసమానతను గుర్తించాలి. లినక్స్ విండోస్ భాగాలను చదువుతుంది. విండోస్ మాత్రం లినక్స్ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కును తగిలిస్తే దాన్ని గుర్తించకపోగా, వాడాలంటే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. తెలియనివారు సరేనంటే ఉన్నదంతా పోతుంది. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో కచేరీతో పని ఉన్న తెలుగువాడు ఉర్దూ నేర్చుకున్నాడు; కచేరీకి తెలుగు నేర్చుకోవలసిన అగత్యం కలగలేదు. సంఖ్యాబలం లేనివారే రెండో భాష నేర్చుకోవడం కంప్యూటర్లలోనూ జరిగింది.

3. ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ దాకా:

డాస్ కాలం నుంచి వస్తున్న ఫ్యాట్ పద్ధతి సరళమైనది. డిస్కు మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైలు ఏ గదిలో మొదలై ఏ గదికి సాగుతుందో ఆ పట్టిక చెబుతుంది. దీన్ని చదవడం లినక్స్ తొలినాళ్లలోనే నేర్చుకుంది. 1995లో విండోస్ 95 పొడవైన పేర్లను తెచ్చింది. అంతకు ముందు పేరుకు ఎనిమిది అక్షరాలు, వెనుక తోకకు మూడు అక్షరాలు మాత్రమే అనుమతి. ఆ కాలపు డిస్కుల్లో ప్రబంధాల అధ్యయనమంతా ఎనిమిది ఇంగ్లిషు అక్షరాలకు కుదించుకుపోయి ఉండడానికి కారణం ఇదే. లినక్స్‌లో ఈ పొడవైన పేర్లను చదివే భాగాన్ని గోర్డన్ చాఫీ రాశారు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993 జులైలో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. అది మొదట కార్యాలయాలకు, సర్వర్లకు పరిమితం. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఇళ్లలోకి, డీటీపీ కేంద్రాల్లోకి ప్రవేశించింది. తెలుగు దృష్టితో చూస్తే ఎక్స్‌పీకి మరొక ప్రాధాన్యం ఉంది. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌ను గౌతమి ఫాంటుతో సహా అందించిన తొలి సంచిక అది. అంటే తెలుగు అక్షరాలతో ఫైలుకు పేరు పెట్టుకోగల అవకాశమూ, లినక్స్‌కు కొరుకుడుపడని డిస్కు పద్ధతీ తెలుగు ఇళ్లకు దాదాపు ఒకేసారి వచ్చాయి.

4. మాతృక లేని పరిష్కరణ:

ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతర్నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ బహిరంగపరచలేదు. దాన్ని చదవదలచినవారికి ఉన్నది డిస్కు ఒక్కటే. ఒక ఫైలును సృష్టించి, డిస్కులో ఏ అంకెలు మారాయో చూడాలి. ఫైలు పేరు మార్చి మళ్లీ చూడాలి. తొలగించి మళ్లీ చూడాలి. పాఠాంతరాలను సరిపోల్చుకుంటూ, లుప్తమైన మూలాన్ని ఊహించే గ్రంథపరిష్కర్త పని ఇది. కడపలో పండితులను కూర్చోబెట్టి ఒక్కో కావ్యానికి పలు ప్రతులు సేకరించి సరిచూపించిన సి.పి. బ్రౌన్ ఈ పద్ధతిని వెంటనే పోల్చుకుని ఉండేవాడు. తేడా ఒక్కటే. పరిష్కర్త పొరపడితే తప్పు పాఠం అచ్చవుతుంది, మాతృక మిగిలే ఉంటుంది. ఇక్కడ పొరపడి రాస్తే మాతృకే చెడుతుంది.

లినక్స్‌కు తొలి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవరును 1990ల ద్వితీయార్ధంలో మార్టిన్ ఫాన్ లోవిస్ రాశారు. అది చదవగలిగేది. రాసే సౌకర్యం ఉన్నా, దాన్ని ఎంచుకునే చోట ‘ప్రమాదకరం’ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపించేది. ఆ తరువాత ఆంటన్ ఆల్టపర్మకోవ్ ఈ డ్రైవరును పూర్తిగా తిరగరాశారు. రిచర్డ్ రస్సన్ ప్రభృతులు తాము గ్రహించిన నిర్మాణాన్ని వివరపత్రాలుగా సమకూర్చారు. కొత్త డ్రైవరు తొలిదశలో ఎంత జాగ్రత్తగా ఉండేదంటే, ఉన్న ఫైలులోని విషయాన్ని దాని పొడవు మారకుండా దిద్దడానికి మాత్రమే అంగీకరించేది. పద్యంలో ఒక గణాన్ని తీసి మరొక గణం పెట్టవచ్చు గానీ పాదం పెరగకూడదు, తరగకూడదు అన్నట్లు.

2003లో యాన్ క్రాటొఖ్విల్ వేరే దారి తొక్కారు. నిర్మాణాన్ని తెలుసుకోవడం కష్టమైతే తెలిసినవాడినే పిలుద్దామన్నది ఆయన ఆలోచన. ఆయన రూపొందించిన క్యాప్టివ్ అనే సాధనం అదే డిస్కులోని విండోస్ నుంచి మైక్రోసాఫ్ట్ వారి సొంత డ్రైవరును తీసుకుని లినక్స్‌లో నడిపించింది. పరాయి ఇంటి పురోహితుణ్ణి తెచ్చుకుని మన ఇంట్లో తంతు జరిపించడం వంటిదిది. పని జరిగింది, కాని నెమ్మదిగా, భారంగా.

స్థిరమైన పరిష్కారం హంగరీకి చెందిన సాబొల్చ్ సకచిచ్ చేతి మీదుగా వచ్చింది. ఫైలు వ్యవస్థను లినక్స్ కెర్నెల్ లోపల కాక, సాధారణ ప్రోగ్రాములా బయట నడిపే ఫ్యూజ్ అనే సౌకర్యం 2005లో కెర్నెల్‌లో చేరింది. దాని ఆధారంగా ఆయన 2006 జులైలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీని ప్రకటించారు. 2007 ఫిబ్రవరిలో దాని స్థిరమైన సంచిక వెలువడింది. చదవడం, రాయడం, తొలగించడం, ఫోల్డర్లు చేయడం అన్నీ సాధ్యమయ్యాయి. కొద్దికాలంలోనే ప్రధానమైన లినక్స్ పంపిణీలన్నీ దాన్ని చేర్చుకున్నాయి. అప్పటి నుంచి సామాన్య వాడుకరికి విండోస్ భాగం తెరవడం అంటే ఫైళ్ల కిటికీలో ఎడమవైపు ఉన్న డిస్కు బొమ్మ మీద నొక్కడమే.

తరువాతి కథ క్లుప్తం. పారగాన్ సంస్థ తన డ్రైవరును 2020లో లినక్స్‌కు ఇవ్వజూపింది. సమీక్షల అనంతరం అది 2021 అక్టోబరులో వెలువడిన 5.15 కెర్నెల్‌లో చేరింది. పాత డ్రైవరును 2024లో వచ్చిన 6.9 కెర్నెల్ నుంచి తొలగించారు.

మన దేశంలో లినక్స్ వ్యాప్తికి తొలిదశలో పీసీక్వెస్ట్ పత్రిక 1996 నుంచి సీడీల రూపంలో చేసిన పంపిణీ తోడ్పడింది. డిస్కులో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ నుంచే నడిచే నాపిక్స్‌ను జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో విడుదల చేశారు. చెడిపోయిన విండోస్ కంప్యూటర్ నుంచి ఫైళ్లను బయటికి తీయడానికి లినక్స్‌ను వాడే అలవాటు దాని నుంచే ప్రబలింది. ఈ పద్ధతిలో లినక్స్‌తో పరిచయమైనవారు దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌గా కాక, మంత్రసానిగా చూశారు. తెలుగునేల మీద స్వేచ్ఛ సంస్థ లినక్స్ తెలుగీకరణకు పూనుకోవడం, సీ-డాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్‌ను భారతీయ భాషలతో వెలువరించడం ఈ దశాబ్దంలోనివే.

5. తెలుగు పేర్లు పడిన పాట్లు:

డిస్కు తెరుచుకుంది. లోపలి ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దీని గురించి సాంకేతిక గ్రంథాల్లో చర్చ తక్కువ, అందువల్ల కొంత విస్తరించి చెప్పడం అవసరం.

ఎన్‌టీఎఫ్‌ఎస్, పొడవైన పేర్ల ఫ్యాట్ రెండూ పేరులోని ఒక్కో తెలుగు సంకేతాన్ని పదహారు బిట్ల యూనికోడ్ సంఖ్యగా దాచుకుంటాయి. లినక్స్‌కు పేరు అంటే బైట్ల వరుస మాత్రమే. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చేటప్పుడు ఏ వర్ణక్రమంలోకి మార్చాలో చెప్పాలి. పాత లినక్స్ వ్యవస్థల్లో ఇది తరచుగా పశ్చిమ యూరప్ భాషలకు సరిపోయే వర్ణక్రమంగా ఉండేది. అందులో తెలుగు లేదు. ఫ్యాట్ భాగాల్లోని తెలుగు పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా కనిపించేవి. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ తొలి సంచికల్లో పరిస్థితి ఇంకా విషమం. వ్యవస్థ భాష సరిగా అమరకపోతే, మార్చలేని పేరున్న ఫైలు జాబితాలో కనిపించేదే కాదు. ఫైలు డిస్కులో ఉంది, చెక్కుచెదరలేదు, కాని వెతికినవారికి లేదు. ఆ రోజుల్లో ఒక డిస్కును లినక్స్‌లో తెరిచి ‘ఇందులో ఏమీ లేదు’ అని తేల్చిన సందర్భాలుంటే, ఆ తీర్పులను తిరిగి విచారించవలసిందే. యూటీఎఫ్-8 సర్వసాధారణమైన తరువాత ఈ బాధ తగ్గింది.

తగ్గనిది పొడవు బాధ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకు 255 సంకేతాల వరకు చోటుంది. లినక్స్‌లో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఈఎక్స్‌టీ4లోనూ ఆ సంఖ్య 255. అయితే అక్కడ లెక్క సంకేతాలది కాదు, బైట్లది. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరం ఒక బైటు, తెలుగు సంకేతం మూడు బైట్లు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ ఒక్కో సంకేతమే. మన కంటికి ఒకే అక్షరమైన ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. ఇంగ్లిషువానికి 255 అక్షరాలు పట్టే చోట తెలుగువానికి 85 సంకేతాలే పడతాయి.

మన శీర్షికల పొడవు తెలిసినవారికి దీని పర్యవసానం వెంటనే స్ఫురిస్తుంది. ఉదాహరణగా ‘తెలంగాణ ఒగ్గుకథల్లో కొమురవెల్లి మల్లన్న కథా వైవిధ్యం సామాజిక సాంస్కృతిక పరిశీలన మూడవ అధ్యాయం’ అన్న పేరును తీసుకుందాం. ఇందులో 82 తెలుగు సంకేతాలు, పదాల మధ్య 10 ఖాళీలు ఉన్నాయి. విండోస్ లెక్కలో 92. వర్డ్ ఫైలు తోక కలిపినా 97. ఏ ఇబ్బందీ లేదు. లినక్స్ లెక్కలో 82ను మూడుతో హెచ్చిస్తే 246, ఖాళీలు 10, వెరసి 256. తోకకు మరో 5 కలిపితే 261. ఈ ఫైలును విండోస్ భాగం నుంచి లినక్స్ భాగానికి నకలు చేయబోతే పేరు పొడవు మించిందన్న సందేశంతో నకలు ఆగుతుంది. వందల ఫైళ్లను ఒకేసారి నకలు చేసేటప్పుడు ఈ ఒక్క సందేశాన్ని చూడకుండా దాటిపోవడం ఎంత సులభమో చెప్పనవసరం లేదు. నకలు ముగిశాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్యను సరిచూసుకోవాలి. పేరు పొడవైన ఫైలును ముందుగా కుదించాలి, అసలు పేరును వేరుగా రాసిపెట్టుకోవాలి.

ఎదురు దిశలో మరో చిక్కు ఉంది. విండోస్‌లో ఫైలు పేరులో ద్విబిందువు, ప్రశ్నార్థకం, రెండు గీతల ఉద్ధరణ చిహ్నం నిషిద్ధం. లినక్స్‌కు ఏటవాలు గీత తప్ప దాదాపు అన్నీ సమ్మతమే. లినక్స్‌లో కూర్చుని ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగంలో ‘ఒగ్గుకథ: ఒక పరిశీలన’ అని పేరు పెడితే ఫైలు ఏర్పడుతుంది, అదే డిస్కును విండోస్‌కు తగిలిస్తే ఆ ఫైలు తెరుచుకోదు. ద్విబిందువు లేని పరిశోధన శీర్షిక మన దగ్గర అరుదు. ఈ వ్యాస శీర్షికే అందుకు సాక్ష్యం.

తెలుగుకు కలిసివచ్చిన అంశమూ ఒకటి ఉంది. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదాన్ని విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇంగ్లిషు పేర్లతో ఇది తలనొప్పి. మన లిపికి ఆ భేదమే లేదు. కాని దాని బదులుగా మనకు కంటికి కనబడని విభజక సంకేతం ఉంది. ‘విండోస్‌లో’ అన్న మాటలో స, లో కలిసిపోకుండా పొల్లు తరువాత ఉంచేది అదే. కొన్ని చోట్ల దాన్ని పెట్టినా పెట్టకపోయినా మాట ఒకేలా కనిపిస్తుంది. పేరు చివర అది ఉన్న ఫైలు, లేని ఫైలు పక్కపక్కన ఒకే పేరుతో కనిపిస్తాయి. అవి రెండు వేర్వేరు ఫైళ్లు. వెతికితే ఒకటే దొరుకుతుంది.

6. లోపలి తాళం:

పేరు చదవగలిగాక ఫైలు తెరుస్తాం. ఇక్కడే తెలుగు పరిశోధకునికి అసలు పరీక్ష. యూనికోడ్ 1991 అక్టోబరులో వెలువడిన తొలి సంచికలోనే తెలుగుకు స్థానం ఇచ్చింది. భారతీయ ప్రమాణమైన ఇస్కీ కూడా అదే ఏడాది స్థిరపడింది. ముద్రణ ప్రపంచం మాత్రం ఆ రెండింటినీ దాటవేసి అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మార్గంలో నడిచింది. పేజ్‌మేకర్ 6.5, 7.0లకు యూనికోడ్ తెలియదు. తెలుగు అక్షరాన్ని తలకట్టు, గుడి, వత్తు అనే ముక్కలుగా చేసి, ఇంగ్లిషు అక్షరాల గదుల్లో ఆ ముక్కలను కూర్చడమే ఈ ఫాంట్ల రహస్యం. ఫాంటు ఉన్నంతవరకు తెర మీద తెలుగు; ఫాంటు లేకపోతే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు.

కనుక 2003 నాటి డిస్కును నేడు లినక్స్‌లో తెరిచే పరిశోధకుని అనుభవం సాధారణంగా ఇలా ఉంటుంది. డిస్కు క్షణంలో తెరుచుకుంటుంది. ఫైళ్ల పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి, అందువల్ల అవీ కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లను 2015లో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి కొంతవరకు తెరవవచ్చు. అంతా సవ్యంగా జరిగాక, పుట నిండా అర్థంకాని గుర్తులు. ఫైలు చెడిపోయిందనుకుని చాలామంది అక్కడ ఆగిపోతారు. ఫైలు చెడలేదు. లిపి వేషం మార్చింది. ఆ ఫాంటు ఫైలును అదే డిస్కులోని విండోస్ ఫోల్డరు లోపల, ఫాంట్స్ అన్న పేరుగల చోట వెతకాలి. తరచుగా అది అక్కడే దొరుకుతుంది. పాత డిస్కు నుంచి అధ్యాయాలను మాత్రమే నకలు చేసుకుని, సీ భాగాన్ని పనికిరాని చెత్తగా వదిలేసే అలవాటు ఇందువల్ల హానికరం. డీలో కావ్యం ఉంటే, సీలో దాని లిపి ఉంది.

ఫాంటు దొరికిన తరువాత యూనికోడ్‌కు మార్చడం వేరొక దశ. పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటు వాడుతున్న కాలంలో వాటిని యూనికోడ్‌లో చూపించడానికి నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ ఈ మార్గంలో తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి. అది కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో, మోజిల్లాకు అనుబంధంగా పుట్టిందన్నది గమనార్హం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ఛేదించినవారి పద్ధతే ఇక్కడా పనిచేసింది. గుర్తులను వరుసగా చూస్తూ, ఏ ముక్క ఏ గదిలో ఉందో పట్టిక వేసుకోవడం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ప్రపంచమంతా ఒకే పట్టిక సరిపోయింది. తెలుగు ఫాంట్లకు ఒక్కో సంస్థకు ఒక్కో పట్టిక కావలసివచ్చింది. ఒక వాణిజ్య సంస్థ దాచిన డిస్కు నిర్మాణాన్ని ప్రపంచం దాదాపు పదేళ్లలో ఛేదించింది. మనమే మన లిపికి వేసిన తాళాలు ఇంకా తీస్తూనే ఉన్నాం. ఈ పోలికలో వ్యంగ్యం ఉంటే అది చరిత్రది.

7. రాత్రంతా సాగే కథ, నాలుగు జీబీల గీత:

మౌఖిక సాహిత్య సామగ్రికి ఎదురయ్యే చిక్కు వేరు. ఫ్యాట్32లో ఒక ఫైలు పరిమాణం 4 జీబీని దాటకూడదు. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఈ పద్ధతివే. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున వీడియో తీస్తే సుమారు 24 నిమిషాలకు 4 జీబీ నిండుతుంది. కెమెరా ఆ ఫైలును మూసి కొత్తది తెరుస్తుంది. ఎనిమిది గంటలు సాగిన మల్లన్న కథ కనీసం ఇరవై ముక్కలవుతుంది. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడన్నదానితో ఈ ముక్కలకు సంబంధం లేదు. కథాభాగాలను విభజించి రాసే పరిశోధకుడు ఆ అతుకులను ప్రదర్శనలోని విరామాలుగా పొరబడే ప్రమాదం ఉంది.

2009లో ప్రకటించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మారాయి. పరిమాణపు గీత పోయింది, కొత్త గోడ లేచింది. ఎక్స్‌ఫ్యాట్ మీద మైక్రోసాఫ్ట్‌కు పేటెంట్లు ఉండేవి. ఫ్యాట్ పొడవైన పేర్ల పేటెంట్ల మీద అదే సంస్థ 2009లో టామ్‌టామ్ మీద దావా వేసి, నెల తిరిగేసరికి ఒప్పందం చేసుకున్న నేపథ్యంలో లినక్స్ పంపిణీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చేర్చుకోవడానికి జంకాయి. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని నిర్దేశాలను బహిరంగపరచింది. 2020లో వచ్చిన 5.7 కెర్నెల్‌లో శామ్‌సంగ్ అందించిన డ్రైవరు చేరింది. అంతకు ముందరి లినక్స్ యంత్రంలో ఇటువంటి కార్డు తెరుచుకోకపోతే లోపం కార్డుది కాదు.

సమయాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఫ్యాట్ స్థానిక సమయాన్ని అలాగే నమోదు చేస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతర్జాతీయ సమయాన్ని నమోదు చేస్తుంది. పెన్‌డ్రైవు నుంచి నడిపే లినక్స్‌లో కాలమండలం అమర్చకపోతే, ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగంలో రాత్రి 10 గంటలకు దాచిన ఫైలు సాయంత్రం 4:30కు దాచినట్లు కనిపిస్తుంది. ప్రదర్శన ఎప్పుడు మొదలైందో ఫైలు సమయాన్ని బట్టి నిర్ధారించే క్షేత్రపరిశోధకునికి ఈ అయిదున్నర గంటల తేడా చిన్నది కాదు.

8. చదవడానికి మాత్రమే:

ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో తాళపత్రం ముందు కలం పట్టుకుని కూర్చోనివ్వరు. పాత డిస్కుకూ అదే మర్యాద దక్కాలి. లినక్స్‌లో ఏ భాగాన్నైనా చదవడానికి మాత్రమే అన్న షరతుతో అంటుకట్టవచ్చు. చారిత్రక సామగ్రి విషయంలో ఇది ఐచ్ఛికం కాదనీ, తప్పనిసరి అనీ నా అభిప్రాయం. ముందుగా డిస్కు మొత్తానికి బిట్టుకు బిట్టు సరిపోయే ప్రతిరూపం తీసి, ఆ ప్రతిరూపం మీద పనిచేయడం ఇంకా మేలు. చెడిపోతున్న డిస్కు ఎన్నిసార్లు తిరగగలదో ఎవరికీ తెలియదు.

కొన్నిసార్లు లినక్సే ఈ షరతు విధిస్తుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘షట్‌డౌన్’ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు. త్వరగా లేవడం కోసం విండోస్ సగం నిద్రలో ఉంటుంది, తన లెక్కల్ని డిస్కు మీద అసంపూర్తిగా వదిలిపెడుతుంది. ఆ స్థితిలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ రాయడానికి ఒప్పుకోదు. దీన్ని లోపంగా భావించి బలవంతంగా తెరిపించే చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. పరిశోధన సామగ్రి మీద వాటిని ప్రయోగించకూడదు. విండోస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, అది మళ్లీ లేవబోయే క్షణంలో లినక్స్‌ను ఎంచుకుంటే డిస్కు శుభ్రంగా అప్పగింతకు వస్తుంది.

ఇప్పటివరకు చెప్పిన అడ్డంకులన్నీ ఓపికతో తొలగేవే. కొత్తగా వచ్చినది అటువంటిది కాదు. బిట్‌లాకర్ అనే గుప్తీకరణ 2007లో విండోస్ విస్టాతో మొదలై, చాలాకాలం సంస్థల కంప్యూటర్లకు పరిమితమై ఉంది. విండోస్ 11 యొక్క 2024 సంచిక నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించిన తగిన కంప్యూటర్లలో, గృహ సంచికతో సహా, డిస్కు గుప్తీకరణ దానంతటదే అమలవుతోంది. లినక్స్ ఇటువంటి భాగాన్ని కూడా తెరవగలదు. 2020 నుంచి క్రిప్ట్‌సెటప్ అనే సాధనంలో ఆ సౌకర్యం ఉంది. అయితే తాళంచెవి కావాలి. 48 అంకెల ఆ పునరుద్ధరణ సంఖ్య వాడుకరి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. తన డిస్కు తాళం వేసుకుందన్న సంగతి వాడుకరికే తెలియకపోవచ్చు. ఆయన తరువాత ఆ ఖాతా తెరవగలవారు ఇంట్లో ఉండకపోవచ్చు. 2003 నాటి డిస్కును ఇరవై ఏళ్ల తరువాత అపరిచితుడు కూడా చదవగలిగాడు. 2025 నాటి డిస్కు విషయంలో ఆ అవకాశం ఆ 48 అంకెలు ఎవరి దగ్గర ఉన్నాయన్నదాని మీద ఆధారపడి ఉంది. పరిశోధక విద్యార్థి సిద్ధాంతగ్రంథం సమర్పించే రోజున పర్యవేక్షకుడు అడగవలసిన కాగితాల్లో ఆ అంకెలు రాసిన చీటీ కూడా చేరాలి. కాగితం మీద, చేతిరాతతో అయినా సరే.